గంప కింద ఎర్రపెట్ట

కోళ్ళ విషయంలో నాతో ఎవరూ వాదించకూడదు. దారులు మర్చిపోతాను, లెక్కలు తప్పుతాను, కూరలో ఉప్పెక్కువైందంటే ఒప్పుకుంటాను. కోళ్ళ దగ్గర మాత్రం నా మాటే మాట. ఆ ధీమా నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక ఏడు మా పెరట్లో చేతులు కాల్చుకుని నేర్చుకున్నది.

మా పక్కింటాయన ఉద్యోగం నుంచి రిటైరయ్యాక డాబా మీద వల కట్టించి నాటుకోళ్ళు పెంచుతున్నారు. మొన్న ఆదివారం ఇంకో మూడు పెట్టలు కొనుక్కొచ్చారు. రెండు రోజులు తిరక్కుండానే పొద్దున్నే ఫోను చేత్తో పట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డారు.

"ఏంటోనండీ, పాతవి కొత్తవాటిని బతకనివ్వడం లేదు. ఒకదానికి నెత్తి మీద రక్తం కూడా వచ్చింది. ఇందులో చూసి అన్నీ చేశాను. వేరే బోను పెట్టాను, వేరే గిన్నె పెట్టాను."

"పొడిచేది ఏదండీ?" అన్నాను.

"అన్నీనండీ."

"అన్నీ మొదలుపెట్టవు. మొదలుపెట్టేది ఒకటే ఉంటుంది. అదేదో చూశారా?"

దెబ్బ తిన్నదానికి పసుపు రాశారు, మందు తెచ్చారు, రాత్రంతా దిగులు పడ్డారు గానీ, పొడిచినదాని మొహం మాత్రం చూడలేదు. "ముందు వెళ్ళి దాన్ని కనిపెట్టండి, మిగతాది తర్వాత చెప్తాను" అని పంపించి లోపలికొచ్చి కాఫీ పెట్టుకున్నాను. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా నేను ఈ ఇంట్లో లేను. మా ఊళ్ళో, పెరట్లో, రోలు పక్కన ఉన్నాను.

మాది నల్లరేగడి ఊరు. వానాకాలంలో కాలు పెడితే చెప్పు తిరిగి రాదు. ఊరికి ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. దసరా దాటిన దగ్గర్నుంచి పత్తి తెచ్చి ఇంట్లో ముందుగదిలో పోసేవాళ్ళు. ఆ కుప్ప మీదికి గుమ్మంలోంచి దూకడం నాకు ఇష్టం. దూకినప్పుడల్లా నాన్న చొక్కాకి ఉండే పురుగుమందు వాసన దాంట్లోంచి కూడా వచ్చేది. సంక్రాంతి వెళ్ళాక మిరపకోతలు. ఆ రోజుల్లో ఊరంతా తుమ్ముతూ మాట్లాడుకునేది. పండుమిరపకాయలు రోట్లో తొక్కి, చింతపండు వేసి, వేడన్నంలో నెయ్యి పోసుకుని తింటుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆగేది కాదు.

మా కోళ్ళు కూడా మిరపకాయలే తినేవి. ఏరి పారేసిన తాలుకాయలు పెరట్లో ఒక మూల పోస్తే, అవి గీరి గీరి గింజలన్నీ శనగపప్పు తిన్నట్టు తినేసేవి. అందుకే మా గుడ్లలో పచ్చసొన కాస్త ఎర్రగా ఉండేదని నాయనమ్మ అనేది. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోకపోవడం వల్లే తర్వాత జరిగిందంతా జరిగింది.

కోళ్ళు నాయనమ్మవి. నాన్నకి పొలం మీద ఎంత అధికారం ఉందో, నాయనమ్మకి పెరటి మీద అంత ఉండేది. అంతకుముందు ఏడు కొక్కెర తెగులు వచ్చి మంద మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవి నాలుగు పెట్టలు, ఒక ముసలి పుంజు. ఆ నాలుగింటిలో ఎర్రపెట్ట అంటే నాయనమ్మకి ప్రాణం. తెగులు తగిలి మెడ వాల్చేస్తే, మూడు రోజులు ఒళ్ళో పెట్టుకుని, వేలితో గంజి తాగించి బతికించుకుంది. అప్పట్నుంచీ అది నాయనమ్మ మంచమెక్కి కూర్చునేది, ఆవిడ కంచంలో అన్నం తినేది. మిగతా కోళ్ళు దానికి దారి ఇచ్చేవి. పుంజు కూడా పక్కకి తప్పుకునేది. ఆ పెరట్లో నాయనమ్మ తర్వాత అధికారం దానిదే.

అమ్మది పొన్నూరు దగ్గర కాలవల పక్క పల్లె. ఎటు చూసినా వరిచేలే. మా ఇంటికి కోడలుగా వచ్చి అప్పటికి పదకొండేళ్ళయినా, మిరపకోతలప్పుడు అందరికంటే ఎక్కువ దగ్గేది అమ్మే. నాయనమ్మ ఆవిణ్ణి తిట్టిందీ లేదు, కొట్టిందీ లేదు. కానీ "మీ మాగాణోళ్ళు" అనే మాట మాత్రం రోజుకి నాలుగుసార్లు అనేది. అమ్మ సొరకాయ పులుసులో బెల్లం వేస్తే, "ఇది పులుసా, పాయసమా? మీ మాగాణోళ్ళకి నోట్లో నాలుకుందా లేదా?" అనేది. రెండుమూడుసార్లు విన్నాక అమ్మ బెల్లం వేయడం మానేసింది. నాకు ఆ తీపి పులుసంటే ఇష్టం. మానేసినందుకు నాకు అమ్మ మీదే కోపం వచ్చేది. పదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుంది!

ఆ ఏడు వానల్లో అమ్మమ్మ పోయింది. పల్లెలో ఆవిడొక్కతే ఉండేది. చలికాలం చివర్లో ఆ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, అమ్మా నేనూ వెళ్ళాం. ఇత్తడి బిందె, మంచం, పెట్టె అన్నీ ఎవరెవరో తీసుకున్నారు. అమ్మ ఏదీ అడగలేదు. పక్కవాళ్ళు గింజలేస్తుంటే పెరట్లో తిరుగుతున్న మూడు పెట్టల్ని మాత్రం నిమిషంలో పట్టి బుట్టలో పెట్టింది. ఒకటి తెల్లది, ఒకటి పొడలది, ఒకటి బూడిద రంగుది.

బస్సులో బుట్ట నా ఒళ్ళోనే. కండక్టరు వచ్చి, "వీటికి టిక్కెట్టు ఎవరు తీసుకుంటారు?" అన్నాడు.

"అవి ఒళ్ళో పిల్లలండీ, టిక్కెట్టు ఉండదు" అన్నాను.

బస్సంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అమ్మమ్మ పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు తెప్పించినందుకు నేను గుంటూరు దాకా గర్వంగా కూర్చున్నాను.

ఇంటికి రాగానే నాయనమ్మ పద్ధతి ప్రకారం అన్నీ చేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి మూడింటి కాళ్ళూ కడిగింది. ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో పట్టుకుని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఇదే మీ ఇల్లు. ఎక్కడికీ పోబాకండి" అని వాటి చెవిలో చెప్పింది. రోలు చుట్టూ తిప్పితే కోడి ఇల్లు మరవదని మా ఊళ్ళో అందరి నమ్మకం.

"అమ్మ వచ్చినప్పుడు కూడా ఇట్టాగే తిప్పావా నాయనమ్మా?" అన్నాను.

"ఒసేయ్, నోరు ముయ్యి" అంది నాయనమ్మ. అమ్మ మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి కాబట్టి నవ్విందని నాకు తెలుసు.

తిప్పడం అయింది గానీ, ఎర్రపెట్ట ఆ తిప్పుడుని ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున నాపరాళ్ళ గూడు తలుపు తీయగానే అది తెల్లపెట్ట మీద పడింది. నెత్తి మీద ఒక్క పోటు. అంతే, మిగతా మూడూ అందుకున్నాయి. కొత్తవి పారిపోయి గడ్డివామి వెనక దాక్కున్నాయి. జొన్నలు చల్లితే ముందు పాతవి తినేవి. ఇవి దూరంగా నిలబడి చూసేవి. తాలుకాయల కుప్ప దగ్గరికైతే రానే రాలేదు. వడ్లు తిని పెరిగినవాటికి అది తిండి అని కూడా తెలియదు.

"మీ మాగాణి కోళ్ళు కూడా మీ మాగాణోళ్ళ లాగానే ఉన్నాయే" అంది నాయనమ్మ. అమ్మ వినిపించుకోనట్టు చీపురు తీసుకుని వాకిలి ఊడ్చింది.

నాన్న అన్నం తింటూ అన్నాడు: "పది రోజుల్లో రెండో కోతకి కూలోళ్ళు దిగుతున్నారు. ఎట్టాగూ మొదటి రోజు వాళ్ళకి కోడికూర పెట్టాలిగా. అప్పటికి ఇవి మందలో కలవకపోతే ఈ మూడే కోసేద్దాం."

"కోద్దాంలే. దెబ్బలు తిని ఎండిపోయేదానికంటే అదే మేలు" అంది నాయనమ్మ.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నాన్న కంచంలో మజ్జిగ పోస్తోంది. మజ్జిగ కంచం దాటి నేల మీద పడింది. అమ్మ చేతిలోంచి ఏదైనా ఒలకడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఈ కోళ్ళని కలిపే పని నాదని. పద్ధతి కూడా నాకు వెంటనే తట్టింది. మా ఊళ్ళో ఎవరికి ఏ అలవాటు మాన్పించాలన్నా కారమే. వేలు చప్పరించే పిల్లల వేలికి కారం రాస్తారు. మేక తాడు నములుతుంటే తాడుకి కారం. కుక్క చెప్పులు కొరుకుతుంటే చెప్పులకి కారం. మరి కోడిని పొడుస్తుంటే? కోడికి కారం! నా తెలివికి నేనే పొంగిపోయాను.

మర్నాడు నాయనమ్మ పొలానికీ, అమ్మ చెరువుకీ వెళ్ళినప్పుడు, డబ్బాలోంచి గుప్పెడు కారం తీసి నూనెలో కలిపాను. తెల్లపెట్టని పట్టుకుని మెడ వెనకా, వీపు మీదా దట్టంగా పూశాను. "ఇంక పొడవమను చూద్దాం" అని దాన్ని ఎర్రపెట్ట ముందు వదిలాను.

ఎర్రపెట్ట ఆగింది. తల పక్కకి వంచి చూసింది. తెల్లటి ఈకల మీద ఎర్రగా, నిగనిగలాడుతూ, నూనెతో ఘుమఘుమలాడుతూ తనకిష్టమైన తిండి. పండగొచ్చినట్టు మీద పడింది. ఒకసారి పొడిచి, నాలుక చప్పరించినట్టు ముక్కు తెరిచి, మళ్ళీ పొడిచింది. మిగతా మూడూ పరిగెత్తుకొచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, రోజూ నా కళ్ళెదుట అవి మిరపగింజలు బొక్కుతున్న సంగతి. మిరప పండే ఊళ్ళో పుట్టి, కోడికి కారం మండదన్న సంగతి ఆ క్షణం దాకా తట్టలేదు చూడండి.

వాటిని విడదీయడానికి మధ్యలోకి దూరాను. కారం చేతులతో మొహం తుడుచుకున్నాను. ఇంకేముంది! కళ్ళు కనిపించకుండా రోలు పట్టుకుని కేకలు పెట్టాను. నాయనమ్మ వచ్చేసరికి ఒక మూల నేను, ఒక మూల తెల్లపెట్ట. నా కళ్ళు ఎర్రగా, దాని వీపు ఎర్రగా.

"ఏందే ఇది! కోడిని కూరొండటానికి ముందే మసాలా పట్టించావా?" అని నాయనమ్మ నవ్వాపుకోలేక రోటి మీద కూలబడింది. నవ్వుతూనే నా చేతులకీ కళ్ళ చుట్టూ వెన్న రాసింది. ఆ వెన్న వాసన, ఆవిడ చేతుల మీది మిరపచేను వాసన కలిసి ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. నవ్వింది గానీ, తెల్లపెట్టని ఎత్తి చూశాక ఆవిడ నవ్వు ఆగింది. వీపు మీద రూపాయి బిళ్ళంత మేర ఈకలు లేవు, తోలు లేచి ఉంది.

మర్నాడు తెల్లవారుతుండగా నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. అమ్మ గడ్డివామి పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లపెట్ట. పసుపూ నూనే కలిపి దాని వీపుకి అద్దుతోంది. అద్దుతూ ఏడుస్తోంది. పెద్దగా కాదు. ముక్కు ఎగబీలుస్తూ, చిన్నపిల్ల ఏడ్చినట్టు. అది నేను చేసిన పనే. నాకు చచ్చిపోవాలనిపించింది.

నా వెనక నాయనమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఏందమ్మాయ్, కోడి కోసం ఏడుస్తారా ఎవరైనా?" అంది.

అమ్మ తల ఎత్తలేదు. "ఇది మా అమ్మ చేతి గింజలు తిన్నదత్తయ్యా. కొయ్యాలంటే కొయ్యండి. నేనేమనను. కానీ ఆ కూర నా చేత వండించబాకండి."

పదకొండేళ్ళలో అమ్మ నాయనమ్మకి ఎదురు చెప్పిన మాట అదొక్కటే. నాయనమ్మ గూడు దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది. ఎప్పటిలాగే ఎర్రపెట్ట ముందు బయటికొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. నాయనమ్మ వంగి దాన్ని ఎత్తుకుంది, రోజూ ఎత్తుకున్నట్టే. పెరటి చివర, గేదెల పాక పక్కకి తీసుకెళ్ళి, నేల మీద పెట్టి, పెద్ద గంప బోర్లించింది. గంప మీద రాయి పెట్టింది.

"అదేంది నాయనమ్మా, కొత్తవాటిని కదా గంప కింద పెట్టేది?" అన్నాను.

"కొత్తయి ఏం చేశాయే? వచ్చి నిలబడ్డాయి, అంతేగా. పెత్తనం చేసేదాన్ని నాలుగు రోజులు కనపడకుండా చేస్తే మిగతాయి వాటంతటవే సర్దుకుంటాయి" అంది. ఆ మాట నాతోనే అంది గానీ, అమ్మకి వినపడేంత గట్టిగా అంది. తర్వాత ఇటు తిరక్కుండా పొలానికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పెరడు మారింది. మొదటి రోజు మిగతా మూడు పాతవీ ఏం చెయ్యాలో తెలియనట్టు తిరిగాయి. నల్లపెట్ట ఒకసారి పొడలదాని మీదికి వెళ్ళింది గానీ, వెనక ఎవరూ రాకపోయేసరికి మధ్యలోనే ఆగిపోయింది. కొత్తవి గడ్డివామి వెనక నుంచి ముందుకొచ్చాయి. రెండు మూడు రోజులకి జొన్నల దగ్గర ఒక చివర నిలబడ్డాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం పొడలపెట్ట తాలుకాయల కుప్ప దగ్గరికి వెళ్ళి, ఒక గింజ ముక్కుతో తీసి, కింద పడేసి, మళ్ళీ తీసి మింగింది. నేను చప్పట్లు కొట్టాను.

గంప కిందున్న ఎర్రపెట్ట మాత్రం మొదటి రోజంతా అరిచింది. నాయనమ్మ ఆ అరుపు వినబడుతుంటే ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోయింది. రాత్రి కంచంలో చివరి ముద్ద అలవాటుగా పక్కకి పెట్టి, దాని వైపే చూస్తూ కూర్చుంది. నేను స్కూలుకి వెళ్ళేముందు రోజూ గంప సందులోంచి చూసేదాన్ని. మూకుట్లో నీళ్ళు నిండుగా ఉండేవి, జొన్నలు ఉండేవి, అన్నం మెతుకులు కూడా ఉండేవి. నాయనమ్మ ఎవరూ చూడకుండా వచ్చి పెడుతోందని అనుకున్నాను.

కోతకి కూలీలు దిగిన రోజు పొద్దున నాయనమ్మ పెరట్లోకి వచ్చి, "అమ్మాయ్, ఇట్టా రా" అని అమ్మని పిలిచింది. "గంప నువ్వు తియ్యి" అంది.

"నేనా అత్తయ్యా?"

"నువ్వే."

అమ్మ రాయి దించి గంప ఎత్తింది. ఎర్రపెట్ట బయటికొచ్చి రెక్కలు దులుపుకుంది. నేరుగా తాలుకాయల కుప్ప వైపు నడిచింది. అక్కడ తెల్లపెట్ట ఉంది. వీపు మీద కొత్త ఈకలు ఇంకా సూదుల్లా పొడుచుకొస్తున్నాయి. ఎర్రపెట్ట మెడ నిక్కించింది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. తెల్లపెట్ట పారిపోలేదు. అది కూడా మెడ నిక్కించింది. రెండూ అలా ఒకదాన్నొకటి చూసుకున్నాయి. చుట్టూ మిగతావి గీరుకుంటున్నాయి, ఎవరూ ఎర్రపెట్ట వైపు రాలేదు. అది ఒక్కసారి గొంతులో ఏదో గొణిగి, తల దించి, తెల్లదాని పక్కనే మిరపగింజ ఏరుకుంది.

"సరిపోయింది" అంది నాయనమ్మ. నాన్నని పిలిచి, "ఒరేయ్, కూలోళ్ళకి పక్కూరి నుంచి కోళ్ళు పట్రా. ఈ ఇంట్లో కోసేదానికి కోళ్ళు లేవు" అని చెప్పింది. తర్వాత లోపలికి వెళుతూ గుమ్మంలో ఆగింది.

"అమ్మాయ్, రాత్రికి సొరకాయ పులుసు పెట్టు. మీ అమ్మ పెట్టినట్టు పెట్టు."

ఆ రాత్రి పులుసులో బెల్లం ఉంది. నాయనమ్మ మొదటి ముద్దకి మొహం అదోలా పెట్టింది. రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. నేను మూడుసార్లు వేయించుకున్నాను.

ఆ కోళ్ళ సంతానం మా పెరట్లో చాలా ఏళ్ళు తిరిగింది, కొన్ని ఎర్రగా, కొన్ని తెల్లగా. "మీ మాగాణోళ్ళు" అనడం నాయనమ్మ పూర్తిగా మానలేదు. కాకపోతే తర్వాత తర్వాత ఎవరైనా చుట్టాలు వస్తే, "మా కోడలిది మాగాణి, పులుసు భలే పెడుతుంది" అనడానికి వాడేది. ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ పెరడూ లేదు, అక్కడ ఇంకెవరిదో మేడ ఉంది.

మొన్న సాయంత్రం పక్కింటాయన మళ్ళీ వచ్చారు. పొడిచేది నల్లదేనని కనిపెట్టారట. దాన్ని గంప కింద పెట్టమన్నాను, ఎన్ని రోజులు ఉంచాలని అడిగారు. అంత ధీమాగా మాట్లాడిన నాకు ఆ ఒక్కటే గుర్తు లేదు, ఆరో, ఏడో, ఎనిమిదో. అమ్మకి ఫోన్ చేశాను.

"ఏడు రోజులు" అంది అమ్మ, ఆలోచించకుండా.

"అంత కచ్చితంగా ఎట్టా గుర్తుందమ్మా?"

"రోజూ దానికి గింజలేసింది నేనేగా."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. "నువ్వా? నాయనమ్మ అనుకున్నానే!"

"ఆవిడ ఆ ఏడు రోజులూ అటు తొంగి చూడలేదే. చూస్తే గంప ఎత్తేస్తానని భయం. రాత్రి తన కంచంలో ఒక ముద్ద మిగిల్చి, ఏం మాట్లాడకుండా కంచం నా చేతికిచ్చేది. నేను పొద్దున తీసుకెళ్ళి దానికి పెట్టేదాన్ని."

"నీకు దాని మీద కోపం రాలేదా అమ్మా?"

"ఎందుకు రాదు? వచ్చింది" అంది అమ్మ. "అయినా ఆకలి దానికీ ఉంటదిగా."